దిగులుకి మొక్కల మందులు: ఏది ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది

## క్లుప్తంగా

డిప్రెషన్‌కి వాడే మొక్కల మందుల్లో గట్టి ఆధారం ఉన్నది సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క ఒక్కదానికే, అది కూడా తేలికపాటి, మధ్యస్థాయి డిప్రెషన్‌కి మాత్రమే. కుంకుమపువ్వు మీద ఆశపెట్టుకోదగ్గ ఫలితాలు ఉన్నాయి గానీ ఎక్కువశాతం చిన్న ట్రయల్స్ (మనుషుల మీద చేసే మందు పరీక్షలు). పసుపు, అశ్వగంధ విషయంలో ఆధారం ఇంకా పల్చగా ఉంది, పైగా కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మొక్కలో విషం ఉంటుందేమో అన్న భయం కన్నా, అప్పటికే వాడుతున్న వేరే మందుని అది పనిచేయనివ్వకపోవడమే ఎక్కువ సందర్భాల్లో అసలు ప్రమాదం.

## మాత్రలు వద్దు, మొక్కలు చాలు అని ఎందుకనిపిస్తుంది

ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 33 కోట్ల మంది డిప్రెషన్‌తో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీళ్లలో చాలామంది డాక్టర్ దాకా వెళ్లరు, వెళ్లినవాళ్లలో కూడా మాత్రలు మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాళ్లు తక్కువేం కాదు. దానికి కారణాలు అర్థం చేసుకోదగ్గవే. యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్‌కి డాక్టర్లు రాసే మాత్ర) మొదలుపెట్టిన మొదటి వారంలోనే వికారం, నిద్ర తేడా, లైంగిక సమస్యలు లాంటి సైడ్ ఎఫెక్ట్స్ కనపడతాయి, మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలో ఇంకా ఎక్కువో పడుతుంది, అంటే ముందు కష్టం, తర్వాత ఫలితం. దానికితోడు మానసిక జబ్బు అని పేరు పడుతుందన్న భయం ఒకటి. మొక్కల క్యాప్సూల్‌కి ఈ ఇబ్బందులేవీ ఉండవనిపిస్తుంది, చాలాచోట్ల చీటీ అక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, అందుకే అటు మొగ్గుతారు.

ఇక్కడే ఒక విషయం తేల్చుకోవాలి, లేకపోతే తర్వాత చెప్పేవన్నీ కలగాపులగం అయిపోతాయి. నాలుగు రోజులు మనసు బాగోకపోవడం వేరు, డిప్రెషన్ అనే జబ్బు వేరు. కనీసం రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులుగా ఉండటమో దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉండి, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతిని, నేనెందుకూ పనికిరాను అన్న ఆలోచనలు వస్తూ రోజువారీ పనులు ఆగిపోతుంటే దాన్ని డాక్టర్లు డిప్రెషన్ అంటారు. మొదటిది చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది, అప్పుడు ఏం వేసుకుంటూ ఉంటే దానికి పేరొస్తుంది. మొక్కల మందుల గురించి వినపడే మంచి మాటల్లో కొంత భాగం ఇలా పుట్టినవే.

## ఒక మొక్క వల్లే డిప్రెషన్ సిద్ధాంతం పుట్టింది

మొక్కకీ మందుకీ మధ్య గోడ ఉందనుకునేవాళ్లకి సర్పగంధ కథ తెలియాలి. భారతదేశంలో చాలాకాలంగా నిద్రపట్టకపోవడానికి, ఉన్మాదానికి ఈ మొక్క వేరు వాడేవాళ్లు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఇద్దరూ దీని గురించి రాశారు, 1949లో బొంబాయి డాక్టర్ రుస్తం జాల్ వకీల్ బీపీ తగ్గించడంలో ఇదెలా పనిచేస్తోందో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించాక ప్రపంచమంతా దానివైపు చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌కి చెందిన సిబా కంపెనీ శాస్త్రవేత్తలు అందులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. రిసర్పిన్ వాడిన బీపీ పేషెంట్లలో కొందరు తీవ్రమైన దిగులులోకి వెళ్లారని డాక్టర్లు గమనించారు. ఇంకోపక్క ల్యాబుల్లో చూస్తే ఈ మందు మెదడు కణాల్లో సెరటోనిన్, నార్ఎడ్రినలిన్ లాంటి, కణాల మధ్య కబుర్లు మోసే రసాయనాల నిల్వలు ఖాళీ చేస్తోందని తేలింది. ఈ రెండూ కలిపి చూసుకుని, అయితే డిప్రెషన్‌కి కారణం ఈ రసాయనాలు తగ్గడమేమో అన్న ఆలోచన బలపడింది, 1960ల నుంచి వచ్చిన మందుల వెనక ఉన్నది చాలావరకు ఆ ఆలోచనే. తర్వాత్తర్వాత ఆ సిద్ధాంతం అంత సూటిగా లేదని తేలింది, 1955లోనే లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో జరిగిన ఒక ట్రయల్‌లో రిసర్పిన్ వల్ల దిగులు తగ్గిన పేషెంట్లు కూడా కనిపించారు మరి. కానీ మొక్కలో ఉన్న ఒక్క పదార్థం మనసుని ఎంత బలంగా కదిలించగలదో, అదీ ఏ దిశలో కదిలిస్తుందో ముందే చెప్పలేమన్నది మాత్రం అప్పుడే అర్థమైంది. కాబట్టి మొక్క కదా మెల్లగా పనిచేస్తుంది, ఏం కాదులే అనుకోవడానికి చరిత్రలో ఆధారం లేదు.

## సెయింట్ జాన్స్ వర్ట్ మీద ఎందుకింత చర్చ

యూరప్‌లో పచ్చిక మైదానాల్లో పసుపురంగు పూలతో పెరిగే ఈ మొక్క జూన్ నెలాఖరులో, అంటే అక్కడ సెయింట్ జాన్ పండగ వచ్చే 24వ తేదీ చుట్టుపక్కల విరగబూస్తుంది, పేరు అలా వచ్చింది. జర్మనీలో మొక్కల మందుల్ని పరిశీలించే ప్రభుత్వ కమిషన్ 1984లో దీన్ని ఆమోదించింది, అక్కడి డాక్టర్లు మామూలు మందు రాసినట్టే చీటీ మీద రాస్తారు.

ఆధారాల సంగతికొస్తే 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (జరిగిన ట్రయల్స్‌ అన్నీ కలిపి తూచే పద్ధతి) ఇప్పటికీ అందరూ ఉటంకించేది. మొత్తం 29 ట్రయల్స్, 5,489 మంది పేషెంట్లు. ప్లేసిబో (మందు లేని ఖాళీ మాత్ర) కన్నా ఇది మెరుగ్గా పనిచేసిందని, మామూలు యాంటీడిప్రెసెంట్లతో సమానంగా ఉందని, సైడ్ ఎఫెక్ట్స్ వల్ల మధ్యలో మానేసినవాళ్లు తక్కువని అందులో తేలింది. 2017లో వచ్చిన ఇంకో సమీక్ష, 27 ట్రయల్స్ కలిపి చూసినది, దాదాపు ఇదే చెప్పింది.

అయితే కాక్రేన్ సమీక్షలోనే ఇంకో మాట కూడా ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగిన ట్రయల్స్‌లో ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి, మిగతా చోట్ల అంత లేవు. ఎందుకు అన్నదానికి ఒకే జవాబు లేదు. అక్కడ ఈ మందు రాయించుకునే పేషెంట్లు కొంచెం వేరేరకం డిప్రెషన్ ఉన్నవాళ్లయి ఉండొచ్చు, అప్పటికే ఆ మందు మీద నమ్మకం ఉండటం వల్ల కావొచ్చు, కొన్ని చిన్న ట్రయల్స్ గట్టిగా జరగకపోయి ఉండొచ్చు.

అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద ట్రయల్ గురించి కూడా తరచూ సగమే చెబుతుంటారు. మధ్యస్థాయి నుంచి తీవ్ర డిప్రెషన్ ఉన్న 340 మందిని మూడు గ్రూపులు చేసి ఒక గ్రూపుకి సెయింట్ జాన్స్ వర్ట్, ఇంకోదానికి సెర్ట్రలిన్ అనే మామూలు యాంటీడిప్రెసెంట్, మూడోదానికి ప్లేసిబో ఎనిమిది వారాలు ఇచ్చారు. పూర్తిగా తేరుకున్నట్టు లెక్కకొచ్చినవాళ్లు ప్లేసిబోలో 31.9 శాతం, మొక్క మందులో 23.9 శాతం, సెర్ట్రలిన్‌లో 24.8 శాతం. దీన్ని చూపించి మొక్క పనిచేయదు అని తేల్చేస్తారు కొందరు, కానీ అదే ట్రయల్‌లో ఎప్పట్నుంచో వాడుకలో ఉన్న సెర్ట్రలిన్ కూడా ఖాళీ మాత్ర కన్నా మెరుగ్గా లేదు కదా. అంటే ఆ ట్రయల్ ఒక్కదాన్ని పట్టుకుని మొక్క గురించైనా మాత్ర గురించైనా తీర్పు చెప్పడం సరికాదు, డిప్రెషన్ ట్రయల్స్‌లో ప్లేసిబో ఎంత బలంగా ఉంటుందో చెప్పడానికి మాత్రం అది మంచి ఉదాహరణ.

## శరీరంలో ఏం చేస్తుంది

మొదట్లో ఈ మొక్కలో ఉండే హైపరిసిన్ అనే ఎర్రని పదార్థమే పనిచేస్తుందనుకున్నారు, అందుకే ఇప్పటికీ చాలా డబ్బాల మీద 0.3 శాతం హైపరిసిన్ అని రాసి ఉంటుంది. తర్వాత పరిశోధకుల దృష్టి హైపర్‌ఫోరిన్ అనే ఇంకో పదార్థం మీదికి మళ్లింది. మామూలు మాత్రలు సెరటోనిన్‌ని కణం తిరిగి లోపలికి లాక్కునే ద్వారానికే నేరుగా అడ్డం పడతాయి. హైపర్‌ఫోరిన్ అలా కాదు, కణం లోపల సోడియం పెంచేస్తుంది, దాంతో ఆ లాక్కునే బలమే తగ్గిపోతుంది, అందువల్ల సెరటోనిన్ ఒక్కటే కాకుండా డోపమిన్, నార్ఎడ్రినలిన్, గాబా, గ్లూటమేట్ లాంటి రసాయనాలన్నీ కాస్త ఎక్కువసేపు కణాల మధ్య నిలబడతాయి. ల్యాబులో కనిపించేది ఇది, మనిషిలో దిగులు తగ్గడానికి ఇదొక్కటే కారణమా అంటే అంత ఖచ్చితంగా చెప్పలేం. ట్రయల్స్‌లో ఎక్కువగా వాడింది రోజుకి 900 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ (మొక్క నుంచి తీసిన సారం), మూడు డోసులుగా. ఫలితం కనపడాలంటే దీనికీ నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మాత్రల కన్నా తొందరగా ఏం పనిచేయదు.

## అసలు ప్రమాదం ఇక్కడుంది

హైపర్‌ఫోరిన్ ఇంకో పని కూడా చేస్తుంది, అది మనసుకి సంబంధించింది కాదు. లివర్‌లోనూ పేగుల్లోనూ బయటి రసాయనాలు వచ్చినప్పుడు గుర్తుపట్టి, వాటిని విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువ తయారుచేయమని కణాలకి చెప్పే ఒక గ్రాహకం ఉంటుంది. హైపర్‌ఫోరిన్ దాన్ని చాలా గట్టిగా తట్టిలేపుతుంది. దాంతో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ పెరిగిపోతుంది, మందుల్ని కణం నుంచి బయటికి తోసేసే పంపులు కూడా పెరుగుతాయి. మనుషులు వాడే మందుల్లో చాలా పెద్ద భాగం ఈ ఎంజైమ్ ద్వారానే కరిగిపోతుంది కాబట్టి, సెయింట్ జాన్స్ వర్ట్ వాడుతున్న మనిషి వేసుకున్న వేరే మందు రక్తంలో నిలబడాల్సినంతసేపు నిలబడదు. మాత్ర వేసుకుంటూనే ఉంటారు, డోసు మారదు, ఫలితం మాత్రం జారిపోతుంది.

ఇది ఊహ కాదు. 2000లో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి రెండు వారాలు ఈ మొక్క మందు ఇచ్చి చూస్తే హెచ్ఐవీకి వాడే ఇండినవిర్ రక్తంలో 57 శాతం తగ్గిపోయింది. అదే ఏడాది జ్యూరిచ్‌లో గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరు పేషెంట్లలో కొత్త గుండెని శరీరం తిరస్కరించడం మొదలుపెట్టింది, కారణం వెతికితే ఇద్దరూ సెయింట్ జాన్స్ వర్ట్ మొదలుపెట్టారు, దాంతో తిరస్కరణని ఆపడానికి ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందు స్థాయి రక్తంలో పడిపోయింది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్, గుండెకి వాడే డిగాక్సిన్, కొన్ని క్యాన్సర్ మందులు, కొన్ని ఫిట్స్ మందులు, ఇవన్నీ ఈ లిస్టులోకి వస్తాయి. గర్భనిరోధక మాత్రల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దిగులుకి మొక్క మందు వాడే వయసులో ఉన్న ఆడవాళ్లలో చాలామంది ఆ మాత్రలు కూడా వాడుతుంటారు, రెండింటికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు.

రెండో ప్రమాదం దీన్ని యాంటీడిప్రెసెంట్లతో కలిపి వాడటం. రెండూ సెరటోనిన్‌ని పెంచేవే కాబట్టి అది మరీ ఎక్కువైపోయి వణుకు, చెమటలు, కంగారు, గుండెదడ, జ్వరం, విరేచనాలు రావొచ్చు, ముదిరితే ప్రాణం మీదికి రావొచ్చు, దీన్నే సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. మాత్రలు ఆపేసి మొక్కకి మారదాం అనుకునేవాళ్లు కూడా వెంటనే మారకూడదు, ఫ్లూఆక్సెటిన్ లాంటివి ఆపాక కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటాయి. బైపోలార్ (దిగులు, ఉన్మాదం మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లలో ఇది ఉన్మాద దశని రేపొచ్చు. ఎక్కువ డోసులో వాడితే ఎండకి చర్మం కమిలే అవకాశం ఉంది, అది హైపరిసిన్ వల్ల.

హైపర్‌ఫోరిన్ బాగా తగ్గించిన ఎక్స్‌ట్రాక్టులు కూడా ఉన్నాయి, వాటితో వేరే మందులకి అడ్డుపడటం తక్కువని తేలింది. కానీ కొనేవాళ్లకి డబ్బా చూసి ఆ తేడా తెలుసుకోవడం చాలాసార్లు కుదరదు.

## కుంకుమపువ్వు: ఫలితాలు బాగున్నాయి, ట్రయల్స్ చిన్నవి

సెయింట్ జాన్స్ వర్ట్ తర్వాత ఎక్కువ పరిశీలించింది కుంకుమపువ్వునే. ఈ పరిశోధన చాలావరకు టెహరాన్‌లో మొదలైంది. 2004లో వచ్చిన ట్రయల్‌లో 30 మందికి ఆరు వారాల పాటు రోజుకి 30 మిల్లీగ్రాముల కుంకుమపువ్వు ఎక్స్‌ట్రాక్టో 100 మిల్లీగ్రాముల ఇమిప్రమిన్ అనే పాత యాంటీడిప్రెసెంటో ఇస్తే రెండూ ఒకేలా పనిచేశాయి, నోరెండిపోవడం, మత్తు లాంటి ఇబ్బందులు మాత్రం ఇమిప్రమిన్‌లోనే ఎక్కువ. తర్వాత ఫ్లూఆక్సెటిన్‌తో, ప్లేసిబోతో పోల్చిన ట్రయల్స్ కూడా వచ్చాయి, ఆస్ట్రేలియాలో కూడా కొన్ని జరిగాయి.

వినడానికి బాగుంది గానీ 30 మంది, 40 మంది ఉన్న ట్రయల్‌లో రెండు మందుల మధ్య తేడా కనపడలేదంటే రెండూ సమానమని కాదు, తేడా ఉన్నా పట్టుకునేంత మంది లేరని కూడా అర్థం రావొచ్చు. ఆరు వారాల తర్వాత ఏమైందన్నది కూడా ఎక్కువ ట్రయల్స్ చూడలేదు. ఇంకో సమస్య కల్తీ. ఒక్క గ్రాము కుంకుమపువ్వు రావాలంటే సుమారు 150 పూలు కావాలి, అంత ఖరీదైన సరుకులో కుసుమపూల రేకలు, రంగేసిన మొక్కజొన్న పీచు కలపడం ఎప్పట్నుంచో ఉన్నదే. ట్రయల్‌లో వాడింది కొలిచి తయారుచేసిన క్యాప్సూల్, కాబట్టి విడిగా కొన్న రేకలతో అదే ఫలితం వస్తుందని అనుకోవడానికి లేదు. రోజుకి 5 గ్రాములు దాటితే విషప్రభావం మొదలవుతుంది, గర్భిణులు మందు మోతాదులో అసలు తీసుకోకూడదు.

## పసుపు, అశ్వగంధ: లివర్ సంగతి మర్చిపోకూడదు

పసుపు వెనక ఉన్న ఆలోచన వేరు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి ఒంట్లో వాపుని (ఇన్‌ఫ్లమేషన్‌ని) సూచించే పదార్థాలు రక్తంలో ఎక్కువగా ఉంటాయి, పసుపులో ఉండే కుర్కుమిన్ అనే పదార్థం ఆ వాపుని తగ్గిస్తుంది కదా, అలా మనసు కూడా తేలికపడొచ్చని. కొన్ని ట్రయల్స్‌లో కొంచెం మేలు కనపడింది. ఇబ్బంది ఏంటంటే పసుపులో కుర్కుమిన్ 3 శాతం దగ్గర్లోనే ఉంటుంది, ట్రయల్స్‌లో ఇచ్చే 500 నుంచి 1,000 మిల్లీగ్రాములు పొడి రూపంలో రావాలంటే రోజుకి సుమారు 17 నుంచి 33 గ్రాముల పసుపు తినాలి. తిన్నా పేగు గోడ, లివర్ కలిసి దాన్ని చాలావరకు మార్చేసి బయటికి పంపేస్తాయి. అందుకే కంపెనీలు మిరియాల్లోని పైపరిన్ కలుపుతాయి, 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో పైపరిన్ కలిపితే మనుషుల్లో కుర్కుమిన్ ఒంటికి పట్టడం 2,000 శాతం పెరిగింది.

ఆ పెరుగుదలే రెండోవైపు కూడా పనిచేస్తోంది. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో హెపటైటిస్ (లివర్ వాపు) కేసులు వరసగా బయటపడ్డాయి, 2023లో ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ కూడా ప్రజల్ని హెచ్చరించింది. అమెరికా కేసుల్ని పరిశీలిస్తే ఒక ప్రత్యేకమైన జన్యువు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. వంటలో వేసే పసుపుకి దీనికీ సంబంధం లేదు, ఇది సాంద్రత పెంచిన క్యాప్సూళ్ల సమస్య.

అశ్వగంధ మీద జరిగిన ట్రయల్స్ ఎక్కువగా ఒత్తిడి, ఆందోళన, నిద్ర మీదే. వాటిలో ఒత్తిడి స్కోరు, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గాయి. ఒత్తిడి తగ్గితే మనసు కాస్త బాగుంటుంది, నిజమే, కానీ దాన్ని డిప్రెషన్ మందు అని అమ్మడానికి ఆ ట్రయల్స్ సరిపోవు. ఇది థైరాయిడ్ హార్మోన్లని పెంచగలదు, అప్పటికే థైరాయిడ్ మందు వాడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కొందరిలో వాడటం మొదలుపెట్టాక కామెర్లు, ఒళ్లంతా దురద వచ్చాయి, ఎక్కువమంది ఆపేశాక కోలుకున్నారు గానీ వారాల నుంచి నెలల దాకా పట్టింది. 2023లో డెన్మార్క్ అశ్వగంధని నిషేధించింది. ఆ నిర్ణయం మీద విమర్శలూ ఉన్నాయి, గర్భిణులు వాడకూడదన్నదాని మీద మాత్రం పెద్దగా వాదన లేదు.

## మిగతావి

రోడియోలా అనే మొక్క మీద 2015లో 57 మందితో జరిగిన ట్రయల్‌లో అది ప్లేసిబో కన్నా స్పష్టంగా మెరుగని తేలలేదు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం సెర్ట్రలిన్ కన్నా తక్కువ. లావెండర్ నూనె క్యాప్సూల్, రోజుకి 80 మిల్లీగ్రాములు, ఆందోళనకి బాగానే పనిచేస్తుంది, దిగులుకన్నా కంగారు ఎక్కువున్నవాళ్లకి సంబంధించినది. పసిఫిక్ దీవుల్లో పెరిగే కావా అనే మొక్క కూడా ఆందోళనకే, లివర్ కేసుల వల్ల జర్మనీ 2002లో దాని అనుమతులు ఆపేసింది. బ్రాహ్మి మీద పరిశోధన ప్రధానంగా జ్ఞాపకశక్తి గురించి జరిగింది.

## డబ్బాలో ఉన్నదేంటి

మొక్కలో మందు పదార్థం ఎంతుందో అది పెరిగిన నేల, కోసిన కాలం, ఆరబెట్టిన పద్ధతి, ఎక్స్‌ట్రాక్ట్ తీసిన ద్రావకం అన్నీ నిర్ణయిస్తాయి. హైపర్‌ఫోరిన్ అయితే వెలుతురు, గాలి తగిలితే పాడైపోతుంది. అంటే ఒకే పేరున్న రెండు డబ్బాలు ఒకే మందు కాదు.

ఒక్కో దేశంలో రూలు ఒక్కోలా ఉండటం వల్ల అయోమయం ఇంకా పెరిగింది. అమెరికాలో 1994 చట్టం ప్రకారం ఇవి ఆహార సప్లిమెంట్లు, అమ్మే ముందు పనిచేస్తుందని నిరూపించక్కర్లేదు. ఐర్లండ్ 2000లో సెయింట్ జాన్స్ వర్ట్‌ని డాక్టర్ చీటీ ఉంటేనే ఇచ్చేలా మార్చింది. యూరప్ మందుల సంస్థ రెండు రకాలుగా విడగొట్టింది, ట్రయల్స్ ఆధారంగా ఒప్పుకున్నవి ఒకటి, చాలాకాలంగా వాడుతున్నారు కాబట్టి ఒప్పుకున్నవి ఇంకోటి, సెయింట్ జాన్స్ వర్ట్ తయారీలు రెండింటిలోనూ ఉన్నాయి. ఈ విభజన చాలా ఉపయోగకరమైనది, ఎందుకంటే రెండో రకంలో ఉన్నదాన్ని పనిచేస్తుందని నిరూపించారు అని చెప్పకూడదు, ప్రకటనలు మాత్రం ఈ తేడాని చెరిపేస్తుంటాయి.

## ఎవరికి సరిపోవచ్చు, ఎవరికి కాదు

వేరే మందులేవీ వాడని, బైపోలార్ లేని, తేలికపాటి డిప్రెషన్ ఉన్న మనిషి డాక్టర్‌కి చెప్పి ప్రమాణబద్ధమైన (మందు పదార్థం కొలిచి తయారుచేసిన) సెయింట్ జాన్స్ వర్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ప్రయత్నించడంలో తప్పులేదని ఆధారాలు చూస్తే అనిపిస్తుంది. ఆరు వారాలయ్యాక కూడా మార్పు లేకపోతే అదే పట్టుకుని కూర్చోవడం నష్టం, ఎందుకంటే ఈలోపు జబ్బు ముదరొచ్చు. తీవ్ర డిప్రెషన్‌లో, అన్నం నీళ్లు మానేసిన స్థితిలో, లేనివి వినపడుతున్నప్పుడు మొక్కల మందులకి చోటు లేదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే క్యాప్సూల్ ఎంచుకునే సమయం కాదది, ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పి ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన పరిస్థితి.

డాక్టర్ ఏమేం మందులు వాడుతున్నారని అడిగినప్పుడు పేషెంట్లు మొక్కల క్యాప్సూళ్లని లెక్కలో వేయరు, డాక్టర్లూ విడిగా అడగరు, ఆ ఒక్క ఖాళీలోంచే పైన చెప్పిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం వస్తున్నాయి. మొదలుపెట్టేటప్పుడే కాదు, ఆపేటప్పుడు కూడా చెప్పాలి. సెయింట్ జాన్స్ వర్ట్ ఆపేశాక పెరిగిన ఎంజైములు మామూలు స్థాయికి రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఈలోపు దానికి తగ్గట్టు పెంచి ఇస్తున్న వార్ఫరిన్ లాంటి మందు డోసు అలాగే ఉంచేస్తే రక్తంలో ఆ మందు పెరుగుతూ పోయి రక్తస్రావం దాకా వెళ్లొచ్చు, అందుకే ఆ రెండు వారాల్లో రక్తపరీక్ష చేయించి డోసు మళ్లీ సరిచూస్తారు.